హోస్ట్ కూలినప్పుడు గెస్ట్‌ల స్థితి డంప్‌లో మిగులుతుందా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం గురించి ఉన్నాయి. అనేక వర్చువల్ మెషిన్లను (గెస్ట్‌లను) నడుపుతున్న సర్వర్ (హోస్ట్) కెర్నెల్ పానిక్‌తో, అంటే కెర్నెల్ కోలుకోలేని లోపంతో, ఆగిపోతే, ఆ క్షణంలో ఆ మెషిన్లు ఏ స్థితిలో ఉన్నాయో క్రాష్ డంప్ (కూలినప్పటి మెమరీ నకలు) నుంచి తెలుసుకోగలమా అన్నది ఆ ప్రశ్నల సారాంశం. అందుకే ఈసారి శీర్షికను పూర్తిగా దీనికే కేటాయిస్తున్నాం. వేరుగా చెప్పిన చోట తప్ప, జవాబులన్నీ లినక్స్ కెర్నెల్, అందులోని హైపర్‌వైజర్ (వర్చువల్ మెషిన్లను నడిపే పొర) అయిన కేవీఎం, దానిపై గెస్ట్‌లను నడిపే క్యూఎము ఉన్న ఏర్పాటుకు వర్తిస్తాయి.

ప్రశ్న: మా హోస్ట్ పానిక్ అయినప్పుడు కేడంప్ (క్రాష్ డంప్ తీసే ఏర్పాటు) పనిచేసి వీఎంకోర్ అనే డంప్ ఫైలును డిస్కు మీద రాసింది. డంప్‌లను పరిశీలించే క్రాష్ టూల్‌తో తెరిస్తే హోస్ట్ కెర్నెల్ వివరాలన్నీ ఉన్నాయి కానీ, గెస్ట్‌ల మెమరీ మాత్రం ఎక్కడా లేదు. 512 జీబీ మెమరీ ఉన్న యంత్రానికి డంప్ కొద్ది జీబీల్లోనే వచ్చింది. డంప్ పాడైందని అనుకోవాలా?

జవాబు: పాడవలేదు. మీరు అడిగినదే అది రాసింది, కాకపోతే ఏమి అడిగారో మీకు తెలియకుండా జరిగిపోయింది. లినక్స్‌లో కేడంప్ 2005లో వెలువడిన 2.6.13 కెర్నెల్‌తో వచ్చింది. క్రాష్‌కెర్నెల్ అనే బూట్ పారామీటర్ ద్వారా కొంత మెమరీని ముందే పక్కన పెట్టి ఉంచుతారు. పానిక్ వచ్చినప్పుడు యంత్రాన్ని రీసెట్ చేయకుండా, ఆ పక్కన పెట్టిన చోటులోనే రెండో కెర్నెల్ మొదలవుతుంది. మొదటి కెర్నెల్ వాడుకున్న మెమరీ అంతా ఎక్కడిదక్కడే ఉంటుంది. దాన్ని రెండో కెర్నెల్ ఒక ఫైలులాగా బయటికి చూపిస్తుంది. అంటే ఆ దశలో గెస్ట్‌ల మెమరీ కూడా ర్యామ్‌లో భద్రంగానే ఉంది. పోయింది ఆ తరువాతి అడుగులో.

మెమరీని డిస్కు మీదికి కాపీ చేసే మేక్‌డంప్‌ఫైల్ అనే ప్రోగ్రామ్, అక్కర్లేదని తోచిన పేజీలను (మెమరీని విభజించే చిన్న ముక్కలను) వదిలేస్తుంది. ఏ రకం పేజీలను వదలాలో డంప్ లెవెల్ అనే అంకె చెబుతుంది. సున్నాలతో నిండిన పేజీలకు 1, ఫైల్ క్యాష్ పేజీలకు 2, ప్రైవేట్ క్యాష్ పేజీలకు 4, యూజర్ ప్రాసెస్‌ల పేజీలకు 8, ఖాళీ పేజీలకు 16. అన్నీ కలిపితే 31. చాలా చోట్ల కేడంప్ కాన్ఫిగరేషన్‌లో కనిపించే అంకె ఇదే. హోస్ట్ కెర్నెల్ దృష్టిలో క్యూఎము ఒక మామూలు యూజర్ ప్రాసెస్. గెస్ట్‌కు తన సొంత ర్యామ్‌గా కనిపించేదంతా ఆ ప్రాసెస్‌కు చెందిన యూజర్ పేజీలే. కాబట్టి 31 పెట్టినప్పుడు గెస్ట్‌ల కెర్నెళ్లు, వాటి డేటాబేస్‌లు, అన్నీ కలిసి ‘యూజర్ పేజీలు’ అనే ఒక్క పద్దు కింద వదిలివేయబడతాయి.

31 నుంచి 8 తీసేసి 23 పెడితే గెస్ట్‌ల మెమరీ డంప్‌లోకి వస్తుంది. గెస్ట్‌లకు హ్యూజ్ పేజీలు (మామూలు కంటే పెద్ద పేజీలు) ఇచ్చి ఉంటే అవి కూడా ఈ 8 కిందే లెక్కకు వస్తాయి కనుక 23 వాటికీ సరిపోతుంది. అయితే గెస్ట్ మెమరీని షేర్డ్ మెమరీ ఫైలు మీద పెట్టినవారు, అంటే వీహోస్ట్-యూజర్ (గెస్ట్ మెమరీని ఇంకో ప్రాసెస్‌తో పంచుకునే పద్ధతి) వంటి అవసరాల కోసం ఆ ఏర్పాటు చేసుకున్నవారు, ఇంకో అడుగు ముందుకు వెళ్లాలి. ఆ పేజీలు క్యాష్ పేజీల లెక్కలో పడతాయి కాబట్టి 23 పెట్టినా అవి రావు. సున్నా పేజీలనూ ఖాళీ పేజీలనూ మాత్రమే వదిలే 17 వారికి అవసరమవుతుంది. చాలామంది 23 దగ్గరే ఆగిపోయి, అసలు ప్రమాదం జరిగిన రోజున ఈ తేడా తెలుసుకుంటున్నారు. ఇక స్వాప్‌లోకి, అంటే డిస్కు మీదికి, వెళ్లిన పేజీలు ఏ లెవెల్ పెట్టినా డంప్‌లోకి రావు, ఎందుకంటే అవి ర్యామ్‌లోనే లేవు.

దీనికి చెల్లించాల్సిన మూల్యం కూడా లెక్క వేసుకోండి. గెస్ట్‌ల చేతిలో 400 జీబీ ఉండి, డిస్కు సెకనుకు 500 ఎంబీ రాయగలిగితే, కుదింపు లేకుండా ఆ ఒక్క పనికే పదమూడు నిమిషాలు దాటుతుంది. అంతసేపూ సర్వర్ సేవలో ఉండదు. అన్ని హోస్ట్‌లకూ 23 పెట్టాలని నేను చెప్పను. గెస్ట్ వల్లే హోస్ట్ కూలుతోందని అనుమానం ఉన్న యంత్రాలకు, లేదా గెస్ట్‌లో ఏం జరిగిందో తప్పక తెలుసుకోవాల్సిన యంత్రాలకు మాత్రం పెట్టండి. మిగిలినవాటికి 31 చాలు.

ప్రశ్న: మెమరీ పేజీలన్నీ డంప్‌లో ఉన్నాయనుకుందాం. గెస్ట్ రిజిస్టర్ల (ప్రాసెసర్‌లోని చిన్న నిల్వ గడుల) విలువలు కూడా వాటితోపాటే వచ్చేస్తాయా? హోస్ట్ ఆగిన క్షణంలో గెస్ట్ ఏ ఇన్‌స్ట్రక్షన్ దగ్గర ఉందో తెలుసుకోవాలన్నది నా ఉద్దేశం.

జవాబు: ఈ ప్రశ్న అడిగినందుకు సంతోషం, ఎందుకంటే ఈ మొత్తం వ్యవహారంలో అతి సున్నితమైన భాగం ఇదే. గెస్ట్ రిజిస్టర్లు ఒకే చోట ఉండవు. ఇంటెల్ ప్రాసెసర్లలో సాధారణ రిజిస్టర్లను హైపర్‌వైజరే స్వయంగా మెమరీలో దాచుకుంటుంది. కేవీఎంలో అవి ఒక్కో వర్చువల్ సీపీయూకు చెందిన స్ట్రక్చర్‌లో, పదహారు గడుల వరుసగా ఉంటాయి. ఇన్‌స్ట్రక్షన్ పాయింటర్ (తరువాత అమలయ్యే ఇన్‌స్ట్రక్షన్ చిరునామా), స్టాక్ పాయింటర్, ఫ్లాగులు, కంట్రోల్ రిజిస్టర్లు, సెగ్మెంట్ల వివరాలు మాత్రం వీఎంసీఎస్ అనే ప్రత్యేక స్ట్రక్చర్‌లోకి వెళతాయి. దీని పరిమాణం 4 కేబీకి మించదు, దీనికి మెమరీలో చోటు కేటాయించేది హైపర్‌వైజరే. చిక్కు ఏమిటంటే, మెమరీలో చోటు ఉన్నంత మాత్రాన విలువలు అక్కడ ఉండాలన్న నియమం లేదు. వీఎంసీఎస్ చురుకుగా ఉన్నంతసేపూ దాని తాజా విలువలను ప్రాసెసర్ తనలోనే ఉంచుకోవచ్చు. వాటిని కచ్చితంగా మెమరీలోకి దింపేది వీఎంక్లియర్ అనే ఇన్‌స్ట్రక్షన్ ఒక్కటే.

దాన్ని అమలు చేయకుండా రెండో కెర్నెల్‌లోకి దూకితే, డంప్‌లో వీఎంసీఎస్ పేజీ ఉంటుంది, చూడటానికి నిండుగానే ఉంటుంది, కానీ అందులోని ఇన్‌స్ట్రక్షన్ పాయింటర్ ఎప్పటిదో చెప్పలేం. లేని సమాచారం కంటే ఇలా పాతబడిన సమాచారమే ఎక్కువ హాని చేస్తుందని నేను గట్టిగా నమ్ముతాను. లేనిదాని గురించి ఎవరూ తీర్మానాలు చేయరు, పాతదాన్ని నమ్మి మాత్రం రోజుల తరబడి తప్పు దారిలో వెతుకుతారు.

లినక్స్‌లో ఈ లోటును 3.8 కెర్నెల్‌తో పూడ్చారు. అప్పటినుంచి పానిక్ దారిలో జరిగే క్రమం ఇలా ఉంటుంది. కూలిన సీపీయూ మిగిలిన సీపీయూలన్నిటికీ ఎన్ఎంఐ (తిరస్కరించలేని ఇంటరప్ట్ సంకేతం) పంపుతుంది. ఏదైనా సీపీయూ ఆ సమయంలో గెస్ట్ కోడును నడుపుతూ ఉంటే, ఎన్ఎంఐ రాగానే అది గెస్ట్ నుంచి బయటపడి హోస్ట్‌లోకి వస్తుంది, ఆ బయటపడటంలోనే గెస్ట్ స్థితి వీఎంసీఎస్‌కు చేరుతుంది. తరువాత ఆ సీపీయూ తన రిజిస్టర్లను క్రాష్ నోట్స్ అనే చోట రాసి, తన మీద లోడ్ అయి ఉన్న వీఎంసీఎస్‌లన్నిటినీ ఒక్కొక్కటిగా వీఎంక్లియర్ చేసి, వర్చువలైజేషన్‌ను ఆపేసి నిలిచిపోతుంది. ‘అన్నిటినీ’ అన్నది ముఖ్యం. ఆ క్షణంలో నడుస్తున్నది ఒక్క గెస్టే అయినా, అంతకుముందు అదే సీపీయూ మీద నడిచి పక్కకు జరిగిన గెస్ట్‌ల వీఎంసీఎస్‌లు కూడా ఇంకా చురుకుగా ఉండవచ్చు. అందుకే కేవీఎం ప్రతి సీపీయూకూ ఒక జాబితా నిర్వహిస్తుంది.

ఈ పనిని ఒక సీపీయూ తరఫున ఇంకొకటి చేయలేదు. వీఎంసీఎస్ ఏ సీపీయూ మీద చురుకుగా ఉందో ఆ సీపీయూ మీదే వీఎంక్లియర్ జరగాలి. కాబట్టి ఎన్ఎంఐకి స్పందించలేని స్థితిలో ఏదైనా సీపీయూ చిక్కుకుపోతే, దాని మీది గెస్ట్‌ల రిజిస్టర్లను నమ్మలేం. మిగతావాటి కోసం కూలిన సీపీయూ సుమారు ఒక సెకను ఎదురుచూసి, ఆపై ముందుకు సాగిపోతుంది. క్రమం కూడా తారుమారు కాకూడదు. వర్చువలైజేషన్ ఆపిన తరువాత వీఎంక్లియర్ ఇన్‌స్ట్రక్షనే చెల్లదు, అలాగని దాన్ని ఆపకుండా వదిలేస్తే ఆ సీపీయూ, సీపీయూలను మళ్లీ మొదలుపెట్టే ఐఎన్ఐటీ సిగ్నల్‌కు స్పందించదు కాబట్టి, రెండో కెర్నెల్ దాన్ని మళ్లీ లేపలేదు.

ఏఎండీ ప్రాసెసర్లలో దీనికి సమానమైనది వీఎంసీబీ. గెస్ట్ నుంచి బయటపడినప్పుడు స్థితి అందులోకి మెమరీలోనే రాయబడుతుంది, దాని అమరికను కూడా కంపెనీ మాన్యువల్‌లో బహిరంగంగా ప్రచురించింది. ఈ విషయంలో ఆ వైపు పని తేలిక.

ఇక డంప్ చేతికి వచ్చాక చేసే ఒక పొరపాటు గురించి చెప్పాలి. క్రాష్ నోట్స్‌లో ఉన్న రిజిస్టర్లు హోస్ట్‌వి. ఎన్ఎంఐ వచ్చేటప్పటికి గెస్ట్ కోడు నడుస్తున్నా, నోట్స్ రాసేసరికి ఆ సీపీయూ కేవీఎం కోడులోకి వచ్చేసి ఉంటుంది. గెస్ట్ సంగతి కావాలంటే వర్చువల్ సీపీయూ స్ట్రక్చర్‌కు వెళ్లాలి. అక్కడ పదహారు గడులతోపాటు ఇన్‌స్ట్రక్షన్ పాయింటర్‌కూ ఒక గడి ఉంటుంది, అందులో ఒక విలువా ఉంటుంది. దాన్ని వెంటనే తీసుకోకండి. ఇన్‌స్ట్రక్షన్ పాయింటర్‌నూ స్టాక్ పాయింటర్‌నూ కేవీఎం అవసరం పడినప్పుడు మాత్రమే వీఎంసీఎస్ నుంచి చదువుతుంది, ఆ గడులు తాజావో కావో చెప్పే బిట్లను పక్కనే ఇంకో ఫీల్డులో ఉంచుతుంది. బిట్ సున్నాగా ఉంటే గడిలో కనిపిస్తున్నది అంతకుముందెప్పుడో చదివిన విలువ, నిజమైనది వీఎంసీఎస్‌లో ఉంది.

వీఎంసీఎస్ లోపలి అమరికను ఇంటెల్ ప్రకటించలేదు. ప్రాసెసర్ మోడల్‌ను బట్టి అది మారవచ్చు. మొదటి నాలుగు బైట్లలో రివిజన్ సంఖ్య, తరువాతి నాలుగింటిలో అబార్ట్ సూచిక ఉంటాయన్నది మాత్రమే నిర్దిష్టం. అందుచేత అదే రివిజన్ ఉన్న ఇంకొక యంత్రంలో ఒక వీఎంసీఎస్ పేజీని గుర్తుపట్టగల విలువలతో నింపి, వీఎంరీడ్ అనే ఇన్‌స్ట్రక్షన్‌తో ఒక్కో ఫీల్డును చదివి, ఏ ఫీల్డు ఏ ఆఫ్‌సెట్‌లో (పేజీ మొదలు నుంచి ఎంత దూరంలో) ఉందో పట్టిక తయారు చేసుకోవడం ఆచరణలో ఉన్న పద్ధతి. ఈ పట్టికను ప్రమాదం జరగకముందే, యంత్రం బాగున్నప్పుడే తయారు చేసి దాచుకోమని నా సలహా. సర్వర్‌ను మార్చేసిన తరువాత అదే రివిజన్ ప్రాసెసర్ దొరకడం అంత సులువు కాదు.

కొన్ని విలువలు ఎంత జాగ్రత్త పడినా రావు. గెస్ట్ వాడుతున్న వెక్టర్ రిజిస్టర్లు గెస్ట్ నడుస్తున్నంతసేపూ ప్రాసెసర్‌లోనే ఉంటాయి, పానిక్ దారిలో వాటిని మెమరీలోకి ఎవరూ దించరు. గెస్ట్ కెర్నెల్ ఎందుకు ఆగిందో తెలుసుకోవడానికి వాటి అవసరం అరుదుగానే పడుతుంది.

ప్రశ్న: హోస్ట్ డంప్ నుంచి ఒక గెస్ట్‌ను మాత్రం విడదీసి, గెస్ట్ డంప్ లాగా క్రాష్ టూల్‌లో తెరవవచ్చా?

జవాబు: తెరవవచ్చు, రెండు మెట్లు దిగాలి. క్రాష్ టూల్‌కు జీకోర్ అనే ఎక్స్‌టెన్షన్ ఉంది, అది హోస్ట్ డంప్ నుంచి ఒక ప్రాసెస్ కోర్ ఫైలును తయారు చేస్తుంది. క్యూఎము ప్రాసెస్‌కు అలా కోర్ తీసిన తరువాత, క్యూఎము సోర్స్‌తోపాటు వచ్చే డంప్-గెస్ట్-మెమరీ అనే పైథాన్ స్క్రిప్టును జీడీబీ అనే డీబగ్గర్‌లో నడిపితే, ఆ కోర్ నుంచి గెస్ట్ మెమరీ వీఎంకోర్ రూపంలో బయటకు వస్తుంది. గెస్ట్ మెమరీని కోర్‌లో చేర్చే ఆప్షన్ క్యూఎముకు మొదటినుంచే ఆన్‌లో ఉండి ఉండాలి. గెస్ట్‌ను ప్రారంభించే సాఫ్ట్‌వేర్ దాన్ని ఆఫ్ చేసిందేమో ఒకసారి చూసుకోండి.

ఈ స్క్రిప్టు రాసే ఫైలులో వర్చువల్ సీపీయూల రిజిస్టర్లు ఉండవు. గెస్ట్ నడుస్తుండగా ఆ సమాచారం హోస్ట్ కెర్నెల్‌లోని కేవీఎం మాడ్యూల్ దగ్గర మాత్రమే ఉంటుంది కాబట్టి, యూజర్ ప్రాసెస్ కోర్ నుంచి దాన్ని తీయడం వీలు కాదు. క్రాష్ టూల్ ఫైలును తెరవడానికి ఒప్పుకోవాలని అక్కడ ఒక ఉత్తుత్తి నోట్ రాస్తారు. పై జవాబులో చెప్పిన వీఎంసీఎస్ పని ఇక్కడే అక్కరకు వస్తుంది. మెమరీ ఈ దారిలో, రిజిస్టర్లు ఆ దారిలో తెచ్చి, రెంటినీ మీరే పక్కపక్కన పెట్టుకుని చదవాలి.

ప్రశ్న: హోస్ట్ బాగానే ఉండి గెస్ట్ మాత్రమే పానిక్ అయితే ఇంత శ్రమ అవసరమా?

జవాబు: అవసరం లేదు. హోస్ట్ బతికి ఉంటే గెస్ట్ స్థితి మొత్తం మీ చేతిలోనే ఉంటుంది. వర్చువల్ మెషిన్లను నిర్వహించే లిబ్‌వర్ట్ వాడేవారు గెస్ట్ నిర్వచనంలో క్రాష్ సమయంలో ఏం చేయాలో చెప్పే సెట్టింగును ‘ప్రిజర్వ్’ అని పెడితే గెస్ట్ అలాగే ఆగి ఉంటుంది, ‘కోర్‌డంప్-రీస్టార్ట్’ అని పెడితే డంప్ తీసుకుని మళ్లీ మొదలవుతుంది. గెస్ట్ పానిక్ అయిందన్న కబురు హోస్ట్‌కు చేరడానికి పీవీపానిక్ అనే పరికరాన్ని గెస్ట్‌కు జోడించండి. దీనితోపాటు వీఎంకోర్‌ఇన్ఫో పరికరాన్ని కూడా జోడిస్తే, బూట్ అయిన ప్రతిసారీ గెస్ట్ కెర్నెల్ చిరునామాలు మారుతున్నా ఆ మార్పు ఎంతో డంప్‌లో నమోదవుతుంది.

ఒక మెలిక గుర్తుంచుకోండి. గెస్ట్ లోపల కూడా కేడంప్ పెట్టుకుని ఉంటే, పానిక్ రాగానే అది నేరుగా తన రెండో కెర్నెల్‌లోకి వెళ్లిపోతుంది, పీవీపానిక్ కబురు బయలుదేరనే బయలుదేరకపోవచ్చు. రెండూ కావాలనుకునేవారు గెస్ట్ బూట్ పారామీటర్లలో, నోటిఫయర్లు (పానిక్ కబురును చేరవేసే కోడు) పూర్తయ్యాకే క్రాష్ కెర్నెల్‌లోకి వెళ్లమనే ఎంపికను చేర్చాలి. నా మట్టుకు, రెంటిలో ఒకటే ఎంచుకోమంటే హోస్ట్ వైపు నుంచి తీసే డంప్‌నే ఎంచుకుంటాను, ఎందుకంటే అది గెస్ట్ కెర్నెల్ ఎంత చెడిపోయి ఉందన్న దాని మీద ఆధారపడదు.

ప్రశ్న: హోస్ట్ డంప్‌లో మెమరీ, రిజిస్టర్లు రెండూ ఉన్నప్పుడు, రీబూట్ తరువాత గెస్ట్‌ను ఆగిన చోటి నుంచే మళ్లీ నడిపించవచ్చు కదా?

జవాబు: ఆలోచన ఆకర్షణీయంగా ఉన్నా, ఆచరణలో దాని మీద ఆధారపడకండి. గెస్ట్ అంటే మెమరీ, రిజిస్టర్లు మాత్రమే కాదు. నెట్‌వర్క్ కార్డు క్యూలు, డిస్కుకు పంపి ఇంకా పూర్తికాని రాతలు, ఇంటరప్ట్ కంట్రోలర్ స్థితి, టైమర్లు కూడా గెస్టే. వాటిలో కొన్ని క్యూఎములో, కొన్ని హోస్ట్ కెర్నెల్‌లో, కొన్ని అసలు పరికరంలోనే ఉంటాయి. గెస్ట్‌కు నేరుగా అప్పగించిన పరికరమైతే పానిక్ తరువాత కూడా గెస్ట్ మెమరీలోకి డీఎంఏ ద్వారా, అంటే సీపీయూ ప్రమేయం లేకుండా, రాస్తూనే ఉండవచ్చు, కాబట్టి డంప్‌లోని అన్ని పేజీలూ ఒకే క్షణానికి చెందినవన్న హామీ కూడా ఉండదు. అన్నిటికీ మించి, హోస్ట్ ఎందుకు కూలిందో తెలియనప్పుడు ఆ మెమరీ చెడిపోలేదని ఎవరు చెప్పగలరు? పరిశీలించడానికి పనికొచ్చే డంప్, డేటాబేస్‌ను తిరిగి నడపడానికి పనికిరాదు.

నిరంతరాయంగా నడవాలన్నది లక్ష్యమైతే, క్రాష్‌కు ముందునుంచే స్థితిని ఇంకో యంత్రానికి పంపుతూ ఉండాలి. జెన్ హైపర్‌వైజర్ కోసం 2008లో ప్రచురితమైన రీమస్ పద్ధతి సెకనుకు పదుల సార్లు చెక్‌పాయింట్లను (గెస్ట్ స్థితి నకళ్లను) రెండో యంత్రానికి పంపి, అవి చేరేదాకా గెస్ట్ నుంచి బయటకు వెళ్లే ప్యాకెట్లను ఆపి ఉంచుతుంది. అలా ఆపినందుకు ప్రతి జవాబూ కొంత ఆలస్యమవుతుంది. ఇటీవల లినక్స్‌లోకి వచ్చిన కెక్సెక్ హ్యాండోవర్ కూడా మెమరీని ఒక కెర్నెల్ నుంచి ఇంకో కెర్నెల్‌కు అప్పగిస్తుంది కానీ, అది ముందే అనుకుని చేసే కెర్నెల్ మార్పిడికి ఉద్దేశించినది, పానిక్‌కు కాదు.

ప్రశ్న: మా దగ్గర మైక్రోసాఫ్ట్ హైపర్-వీ హోస్ట్‌లు, ఎన్‌క్రిప్ట్ చేసిన మెమరీతో నడిచే గెస్ట్‌లు కూడా ఉన్నాయి. వీటికీ ఇవే సూత్రాలా?

జవాబు: హైపర్-వీ హోస్ట్‌లో ‘యాక్టివ్ మెమరీ డంప్’ ఎంచుకుంటే గెస్ట్‌లకు కేటాయించిన పేజీలు వదిలివేయబడతాయి, ‘కంప్లీట్ మెమరీ డంప్’ అయితే అవి చేరతాయి. 31, 23ల మధ్య ఎంపిక లాంటిదే ఇది. ఏఎండీ ఎస్ఈవీ వంటి ఎన్‌క్రిప్షన్ ఉన్న గెస్ట్‌లకు హోస్ట్ డంప్ తీసి ప్రయోజనం లేదు. పేజీలు వస్తాయి గానీ వాటిలో ఉండేది గుప్తీకరించిన డేటా, దాని తాళం ప్రాసెసర్ నుంచి బయటకు రాదు. రిజిస్టర్లను కూడా గుప్తీకరించే ఎస్ఈవీ-ఈఎస్ ఉంటే అవి కూడా అంతే. అలాంటి గెస్ట్‌లకు లోపల కేడంప్ పెట్టడమే దారి, అదైనా గెస్ట్ తానే పానిక్ అయినప్పుడు మాత్రమే పనికొస్తుంది.

ప్రశ్న: ఇవన్నీ సరిగా అమరాయని నిజమైన ప్రమాదం రాకముందే ఎలా రూఢి చేసుకోవాలి?

జవాబు: సేవలో లేని ఒక హోస్ట్ మీద ప్రయోగ గెస్ట్‌ను నడపండి. అందులో ఒక చిన్న ప్రోగ్రామ్, ఎక్కడా తటస్థపడని ఒక వాక్యాన్ని మెమరీలో పెట్టి, ఒక సాధారణ రిజిస్టర్‌లో మీకు తెలిసిన విలువ ఉంచి, అంతులేని లూప్‌లో తిరగాలి. లూప్ చిరునామాను ముందే రాసి పెట్టుకోండి. గెస్ట్‌కు ఒకే వర్చువల్ సీపీయూ ఇస్తే వెతకడం తేలిక. తరువాత హోస్ట్‌లో ప్రోక్ కింద ఉన్న సిస్‌ఆర్‌క్యూ-ట్రిగ్గర్ ఫైలులోకి సి అనే ఇంగ్లీషు చిన్న అక్షరాన్ని రాస్తే హోస్ట్ వెంటనే పానిక్ అవుతుంది.

డంప్ వచ్చాక మూడు విషయాలు చూడండి. వాక్యం దొరకకపోతే డంప్ లెవెల్ దగ్గర లోపం ఉంది. వాక్యం దొరికి రిజిస్టర్ విలువ సరిపోకపోతే మీరు వేరే వర్చువల్ సీపీయూ స్ట్రక్చర్‌ను చూస్తున్నారు, లేదా ఆ క్షణంలో గెస్ట్ కెర్నెల్ ఇంకేదో పనిలో ఉంది. రెండోదాన్ని తోసిపుచ్చడానికి ప్రయోగాన్ని మరోసారి చేయండి. ఈ రెండూ సరిపోయి, వీఎంసీఎస్‌లోని ఇన్‌స్ట్రక్షన్ పాయింటర్ మాత్రం లూప్ చిరునామాల పరిధిలో లేకపోతే, ముందు మీ ఆఫ్‌సెట్ పట్టికను అనుమానించండి. పట్టిక సరైనదే అయితే ఆ సీపీయూ మీద వీఎంక్లియర్ జరగలేదు, అది ఎన్ఎంఐకి స్పందించిందో లేదో చూడండి.